పెదనాన్నగారి కారు పాఠం

మా పెదనాన్నగారి లెక్కలో లోకంలోని మాటలన్నీ సంస్కృతంలోంచి ఊడిపడ్డవే. రైలు, చొక్కా, ఆఖరికి బిస్కత్తు కూడా. వేదం చదివినవారి ఇల్లే మాది, కానీ చదివింది తాతగారు. ఈయనకి దక్కినవి అరుగూ, పంచాంగమూ, ఎదురు చెప్పని మేమూ.

డెబ్బైల్లో, నేను అమలాపురం కాలేజీలో చదివే రోజుల్లో, అక్క తొలి కాన్పుకి ఉప్పలగుప్తం దగ్గర ఉన్న మా ఊరు వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళమని మంత్రసాని అంది. నాన్న పరుగెత్తి ఊళ్ళో ఒక ఆసామిని అడిగి ఆయన కారు తెచ్చారు. అక్కని మెల్లిగా నడిపించుకుని గడప దాకా వచ్చేసరికి పెదనాన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వర్జ్యం నడుస్తోంది. అది వెళ్ళేదాకా ఎవరూ గడప దాటకండి."

నాన్న అక్కని మళ్ళీ గదిలోకి నడిపించారు. అన్నగారి మాటకి ఎదురాడటం మా ఇంట్లో మర్యాద కాదు. తగలెయ్యాలి అలాంటి మర్యాదని.

లోపల అక్క అరుస్తోంది. ఆయన అరుగు మీద చేరి, ఊసుపోక, డ్రైవరుకి పాఠం మొదలెట్టారు.

"కారన్నది మన మాటేనయ్యా. సంస్కృతంలో కారువంటే శిల్పి, పనివాడు. దాన్నే తెల్లవాళ్ళు ఎత్తుకుపోయేరు. మన కారుమబ్బు కూడా అందులోదే."

"ఆయ్" అన్నాడు డ్రైవరు, ఇంట్లోకి చూస్తూ.

తర్వాతెప్పుడో కసికొద్దీ నిఘంటువులు తిరగేశాను. సంస్కృతం కారు, 'చేయడం' అనే ధాతువులోంచి పుట్టింది. కారుమబ్బులో ఉన్నది నలుపు, అది అచ్చంగా మనది. ఇంగ్లీషు కారు లాటిన్ వాళ్ళ బండి. ముఖాలు ఒక్కలా ఉన్నాయి తప్ప మూడింటికీ ఏ చుట్టరికమూ లేదు. ఈయనే కూర్చుని సంబంధం కలిపేశారు. ఆ తెలివితక్కువతనం మాటల దగ్గరే ఆగి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

వర్జ్యం వెళ్ళాకే కారు కదిలింది. ఆస్పత్రిలో అక్క బతికింది, బిడ్డ బతకలేదు. కాస్త ముందుగా తీసుకొస్తే దక్కేవాడని డాక్టరమ్మ అంది.

మర్నాడు పెదనాన్నగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. "కర్మ తల్లీ" అని, సిగ్గులేకుండా, ఆ మాటకి కూడా అర్థం చెప్పబోయారు.

అక్క గోడవైపు తిరిగే అంది:

"పెదనాన్నగారూ, మీకు అన్ని భాషల మాటలూ వచ్చునండి. నిన్న మీ నోటికి 'పదండి' అన్న ఒక్క మాట రాలేదు."