కంటిలో కణా

ఒడియా వాళ్ళుండే మా ఊరి గేట్ బజార్‌లో మాది జాకెట్టు ముక్కల కొట్టు. చీర పట్టుకుని వచ్చినవాళ్ళకి దానికి సరిపోయే రంగు తాను తీసి, కొలిచి, కోసి ఇవ్వడం నా పని. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు నన్ను కొట్లో గద్దె మీద కూర్చోబెట్టారు. అప్పటి నుంచీ అది నాదే. చిలకపచ్చ వేరు, నాచుపచ్చ వేరు, మామిడాకు పచ్చ వేరు. ఆ తేడా తెలియనివాళ్ళు నా దృష్టిలో బట్టల వ్యాపారానికి పనికిరారు. ఆ మాటకొస్తే మా ఆయనా పనికిరారు. అందుకే ఆయన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాం.

నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అంతంత మాత్రమే. రంగులన్నీ కుడికంటితోనే. కొన్నేళ్ళ కిందట ఆ కంటికి శుక్లం ఆపరేషన్ చేసి లెన్సు పెట్టారు. కట్టు విప్పాక కొట్టుకి వెళ్తే, పసుపనుకున్న గోడలు తెల్లగా ఉన్నాయి. ఇంత తెలుపు ఉండగా ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేమని అందరినీ తిట్టాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. మెల్లగా మళ్ళీ మసక మొదలైంది. ట్యూబ్‌లైటు చుట్టూ వెలుగు చెదిరిపోయేది. ఎదురొచ్చే ఆటో దీపాలకి కన్ను తెరవలేకపోయేదాన్ని. కళ్ళజోడుకి గీతలు పడ్డాయన్నాను, లైటు పాడైందన్నాను, ఎవరూ సరిగ్గా తుడవడం లేదన్నాను. కోడలు మాత్రం కంటి డాక్టరు దగ్గరకి వెళ్దామని నా ప్రాణం తీసేది. కోడలి పుట్టిల్లు చికిటి. మాట తక్కువ, పట్టు ఎక్కువ.

"ఒక్క రంగైనా తప్పినానా? ఒక్కరైనా ముక్క ఎనక్కి తెచ్చినారా?" అని అడిగేదాన్ని.

"లేదత్తా," అనేది.

నిజంగానే ఎవరూ తేలేదు. నేను తాను తీసి ఇస్తే కోడలు దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి దుమ్ము దులిపి తెచ్చేది. నేను కొలిచి కోసేదాన్ని. తీసుకున్నవాళ్ళు సంతోషంగా వెళ్ళేవాళ్ళు. మనిషి ముఖం ఆనకపోయినా రంగు మాత్రం నాకు తెలిసిపోతోందని లోలోపల చాలా గర్వంగా ఉండేది.

ఒకరోజు ఎవరో వచ్చి ఎదురుగా నిలబడితే "ఏటి కావాలమ్మా?" అని అడిగాను. తీరా చూస్తే మా ఆడపడుచు. ఆవిడ అక్కడ నవ్వి ఊరుకుంటే బాగుండేది. చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఆ మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాను.

డాక్టరు కుర్రవాడు, కటక్ వైపు నుంచి కొత్తగా వచ్చాడు, తెలుగు రాదు. కంట్లో చుక్కలు వేయించి, చూసి, ఒడియాలో నెమ్మదిగా చెప్పాడు. శుక్లం మళ్ళీ రాలేదట. లెన్సూ బాగానే ఉందట. దాని వెనకున్న పల్చటి పొర మసకబారిందట. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత, ప్రసాదం పెడతానన్నంత తేలిగ్గా, "ఖాలి టికే కణా కరిదేబు, మాఉసీ," అన్నాడు. కొంచెం కణా చేసేస్తాం, అంతే పిన్నీ, అని.

ఒడియాలో కణా అంటే గుడ్డి. ఒంటికంటి వాళ్ళనీ అలాగే అంటారు. నా ఎడమ కన్ను చూసి చిన్నప్పుడు వీధిలో పిల్లలు నన్ను పిలిచిన పేరు అదే. ఆ మాట తర్వాత డాక్టరు ఇంకేం చెప్పాడో నా చెవికెక్కలేదు. లేచి బయటికి వచ్చేశాను. చుక్కల వల్ల వరండా అంతా తెల్లటి మంట. గోడ పట్టుకుని నడిచాను. చాలా భయమేసింది. ఉన్న ఒక్క కన్నూ పోతే ఆ గద్దె మీద నన్నెవరు కూర్చోనిస్తారు?

కోడలు వెనకాలే పరుగెత్తుకొచ్చింది. "ఎక్కడికత్తా?"

"ఇంటికి. ఆడు నన్ను కణా సేసేస్తానంటన్నాడు. నువ్వు ఇనలేదేటి?"

అది నవ్వింది. నా ఎదుట అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. "ఆ కణా కాదత్తా. మన కొట్లో సిల్లు పడిన తానుని ఏటంటాం సెప్పండి?"

కణా తాను అనే అంటాం. ఒడియాలో చిల్లుకీ ఆ మాటే. "కణా మాల్ పక్కనెట్టండి" అని రోజూ అరిచేదాన్ని నేనే.

"అయితే నా కంట్లో సిల్లెడతాడా?"

"ఆ పొరకత్తా. లేజరుతో. ఎలుగు లోపలికెల్డానికి."

"సిల్లు పడితే మాల్ పాడవుతాది గానీ బాగుపడతాదేటే?"

కోడలు నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

గడ్డం ఒక పీట మీద, నుదురు ఒక పట్టీకి ఆనించి కూర్చోమన్నారు. కదలొద్దన్నారు. ఎర్రటి చుక్కలు కనిపించాయి, టిక్కు టిక్కుమని చప్పుడైంది. నొప్పి లేదు. నేను చీర కొంగు పిడికిట్లో బిగించుకుని ఇంకా మొదలుపెట్టలేదేమని చూస్తుంటే, అయిపోయింది లెమ్మన్నారు. ఆ రోజంతా కంటి ముందు నల్లటి నలకలు తిరిగాయి. అవి కొన్నాళ్ళలో తగ్గుతాయని డాక్టరు ముందే చెప్పాడట. నేను వినలేదు.

మర్నాడు కొట్టు తెరిచాక ఒకావిడ పట్టుచీర తెచ్చింది. ముదురు వంగపండు రంగు. నేను తాను తీసి ఇచ్చాను. కోడలు ఎప్పటిలాగే దాన్ని తీసుకుని, చీర కూడా పట్టుకుని గుమ్మం దగ్గరకి వెళ్ళింది. నా గద్దె మీద నుంచి గుమ్మం అంత స్పష్టంగా కనబడి చాలా కాలమైంది. కోడలు దుమ్మేమీ దులపలేదు. తానునీ చీరనీ ఎండలో పక్కపక్కన పెట్టి చూసింది. చీర తెచ్చినావిడ అలవాటుగా, గుమ్మం పక్క అరలో ఉన్న ఇంకో తాను వైపు చెయ్యి చూపించింది. కోడలు వద్దన్నట్టు తల ఊపింది.

ఇన్నాళ్ళూ నేను కోసిన ముక్కల్లో నేను తీసినవెన్నో, అది మార్చి తెచ్చినవెన్నో! ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. అది ఒక్కసారి కూడా నోరు జారలేదు.

తాను తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఇచ్చిందే.

"సరిపోయిందా?" అని అడిగాను.

దాని చెయ్యి తాను మీదే ఆగిపోయింది. నా కంటిలోకి చూసింది. "సరిపోయిందత్తా," అంది.

నేను కొంచెం జరిగి గద్దె మీద చోటిచ్చాను. అది కూర్చున్నాక, దాన్నే కత్తెర అడిగి తీసుకుని ముక్క కోశాను.