సిస్టరమ్మ చూసిన కాళ్లు

కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఊళ్లో ఆశా వర్కరుగా చేసే అమ్మాయి గట్టు మీద నిలబడి చెప్పింది. "సిస్టరమ్మ పోయారు బాబాయ్. గుండెపోటంట."

మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు ఆమె. అయ్యో అనాల్సిన నోటితో నేనన్న మొదటి మాట, "మరి నా కాళ్లెవరు చూస్తారే?" రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ క్షణం నాకు కలిగింది దుఃఖం కాదు, భయం.

నాకు షుగరుంది. మాత్రలు తెచ్చుకోవడం తప్ప దాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు. చెప్పులతో తొక్కితే కాయ చితికిపోతుందని కల్లంలో అందరం ఉత్త కాళ్లతోనే తిరుగుతాం. ఎండకి నేల కాలుతుంది, ఘాటుకి మడమల పగుళ్లు భగ్గుమంటాయి. కూలీలు మాటిమాటికీ కాళ్లు కడుక్కునేవాళ్లు. నాకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. "మిరపలో పుట్టిన కాళ్లురా ఇవి" అని మీసం తిప్పేవాణ్ణి.

ఆ గొప్ప ఒకసారి సిస్టరమ్మ ముందు కూడా చెప్పుకున్నాను. ఆమె నవ్వలేదు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, "కళ్లు మూసుకోండి అన్నయ్యగారూ. తగిలినప్పుడల్లా ఊఁ అనండి" అన్నారు. చాలాసేపు అలాగే కూర్చున్నాను.

"ఇంకా మొదలుపెట్టలేదా సిస్టరమ్మా?"

"అయిపోయింది" అన్నారు.

కళ్లు తెరిస్తే ఆమె చేతిలో సన్నటి నైలాన్ దారం. నా షుగరు పుస్తకంలో రెండు పాదాల బొమ్మ గీసి, స్పర్శ తెలియని చోటల్లా ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టారు. కుడి పాదం నిండా ఇంటూలే. ఎడమ పాదంలో బొటనవేలు, మడమ మాత్రం ఖాళీగా మిగిలాయి. "మంట తెలియకపోవడం గట్టితనం కాదండీ. నిప్పు మీద నిలబడ్డా ఈ కాలు మీకు చెప్పదు" అన్నారు. నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయనకీ షుగరే. ముల్లు దిగిన సంగతి చీము పట్టేదాకా ఆయనకి తెలియలేదు. మోకాలి కిందికి కాలు తీసేశారు.

ఆ రోజు నుంచి నా చుట్టూ మనుషుల్ని కాపలా పెట్టారామె. మంగళవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలంటే ముందు కాళ్లు చూపించాలి. మందుల కిటికీ దగ్గరి కుర్రాడు మాత్రలిచ్చే ముందు "కాళ్లు చూపించారా?" అని అడగాల్సిందే. ఆశా అమ్మాయి ఇంటికొచ్చి నా చెప్పులు తిరగేసి చూసేది. రోజూ అరికాళ్లు చూసే పని మా ఆవిడది. "పెళ్లినాడు కూడా ఇంతలా చూళ్లేదు ఈ కాళ్లని" అని సణుగుతూనే చూసేది.

"నా రెండు కాళ్లకి ఇంతమందా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"నేనొక్కదాన్నే చూస్తే, నేను లేని రోజు ఏం చేస్తారు?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను.

ఒకనాడు మా వాకిట్లో రక్తపు అడుగులు చూసి ఆశా అమ్మాయి కేక పెట్టింది. చెప్పులోంచి మేకు దిగింది. పొద్దున్నుంచీ నేను దాని మీదే నడిచాను. సిస్టరమ్మ పరుగున వచ్చి ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని కడిగారు. మానడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ చెప్పుల్లో చేత్తో తడిమి చూడనిదే కాలు పెట్టను.

ఆమెకీ షుగరుందని శవం దగ్గరే తెలిసింది. ఆ షుగరు వల్లే, గుండెపోటొచ్చినా ఆయాసం తప్ప నొప్పే తెలియలేదట. ఎన్ని కాళ్లు పట్టుకుని చూసిందో ఆ తల్లి. మీకెలా ఉంది అని నేనైతే ఒక్కసారీ అడగలేదు.

మొన్న మంగళవారం వెళ్లాను. కొత్త సిస్టరు ఇంకా రాలేదు. దారం ఆశా అమ్మాయి చేతిలో ఉంది. ఆ పనీ సిస్టరమ్మ ఎప్పుడో నేర్పి పెట్టారట.

"కళ్లు మూసుకో బాబాయ్. ఎడమ కాలు."

మూసుకున్నాను. ఆ కాలికి స్పర్శ మిగిలిన చోట్లు బొటనవేలు, మడమ. ఊపిరి బిగబట్టి, ఊఁ అనడానికి సిద్ధంగా కూర్చున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను.

కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.