పిల్లప్ప గది

ఆవులప్పకు అంకెలంటే పడదు. బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఆయన నడిపే పాత లాడ్జిలో ఏ గదికీ నంబరుండదు. తలుపుల మీద పెయింటుతో పేర్లుంటాయి. అవీ ఇప్పుడున్నవాళ్ళవి కావు, ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళవి.

నేను చేరిన రోజు అడిగాను, "నా గది ఏదన్నా?"

"గంగప్పది."

"ఆయనెప్పుడు ఖాళీ చేస్తాడు?"

"చేసి చానా ఏండ్లాయ కదప్పా."

"మరైతే అది నా గదే కదా?"

"నీదే. గంగప్పది."

సంచీ తీసుకుని గంగప్ప గదిలోకి వెళ్ళాను.

ఆంధ్రా పల్లెల నుంచి బంగారు గనుల్లో పనికొచ్చిన కుర్రాళ్ళు మొదట ఈ గదుల్లో ఉండేవారట. గనులు మూతపడ్డాక పట్టుగూళ్ళ వ్యాపారులూ, రాయల్పాడు మామిడికాయల వాళ్ళూ దిగారు. ఇప్పుడు పొద్దున్నే బెంగళూరు రైలెక్కే మా బోటి ఉద్యోగులం ఉంటున్నాం. ఇంతమంది మారినా తలుపు మీద ఒక్క అక్షరం మారలేదు.

పిల్లప్ప గదిలో ఉండే అర్పితకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఆమె ఆఫీసు చెప్పుల పార్శిల్‌ను, "అర్పితా? ఆ పేరుతో మా దగ్గర గది లేదప్పా" అని ఆవులప్ప తిప్పి పంపేశాడు.

"ఇంగ చాలు అంకుల్! ఆదివారం అన్ని తలుపులకీ నేనే నంబర్లు వేస్తా."

"పేర్లు చెరపకుండా వేసుకోమ్మా. పిల్లప్ప గది ఒక్కటీ వదిలెయ్."

"ఫస్ట్ అదే వేస్తా!"

అన్నంత పనికీ దిగింది. ఆదివారం ఆమె కుంచె ముంచుతుండగా, కూతురు సొన్నమ్మ చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు.

"క్యాసంబళ్ళి నుంచి వచ్చినామమ్మా. మా నాయనకు అన్నీ మరుపే, నా పేరు కూడా. 'నా రూము యాడ, షిఫ్టుకు పోవాల' అని అన్నం ముట్టడు. ఈ తలుపు చూస్తేనే నెమ్మది," అంది సొన్నమ్మ.

ముసలాయన తలుపు మీది అక్షరాలను వేలితో తడిమాడు. "పి... ల్ల... ప్ప. ఉండాది! ఆవులప్పా, నా రూము ఉండాది!"

"యాడికి పోతాదన్నా?" అన్నాడు ఆవులప్ప. చూపు మాత్రం అర్పిత కుంచె మీదే ఉంది.

"ఈ పాప ఎవురు?" అన్నాడు ముసలాయన.



"నీ రూము చూసుకునేదాన్ని తాతా. పేరు మాసిపోయిందని పెయింట్ తెచ్చినా," అంది అర్పిత. అని, ఆయన పేరు మీదే నిండుగా రంగు దిద్దింది. పెద్దాయన పక్కన నిలబడి ఒత్తు సరిగా రాలేదని రెండుసార్లు దిద్దించాడు కూడా. తర్వాత అర్పిత మంచం మీద కూర్చుని సుబ్బరంగా అన్నం తిన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆవులప్పను అడిగాను, "అన్ని పేర్లూ ఇందుకేనా?"

"గనులు మూసినాక అందరూ ఏడ్చుకుంటా పోయినారప్పా. మీ గదులు మీవేరా, ఎప్పుడొచ్చినా ఉంటాయి అని చెప్పేసినా. చెప్పినాక ఇంగ మార్చేదెట్లా?"

అర్పిత పార్శిళ్ళు ఇప్పుడు పిల్లప్ప గది అన్న చిరునామాకే వస్తున్నాయి. ఒక్కటీ తిరిగి పోలేదు.

"మరి మా గంగప్ప ఎప్పుడొస్తాడన్నా?" అన్నాను నవ్వుతూ.

ఆవులప్ప నవ్వలేదు. "ఎప్పుడైనా రావొచ్చు. ఆ మంచం మీద గుడ్డల కుప్ప తీసెయ్ ముందు. గంగప్పకు గలీజు పడదు."

వెళ్ళి గది సర్దుకున్నాను.