చేపల షెడ్డు వేలిముద్ర

2005. ఆక్లండ్‌లోని ఓ చిన్న కంపెనీకి నేనొక్కణ్ణే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. శాండ్రింగ్‌హామ్ ఫ్లాట్‌లోనూ ఒక్కణ్ణే కాబట్టి ఆఫీసుకీ ఇంటికీ పెద్ద తేడా ఉండేది కాదు. క్లయింట్ల కంప్యూటర్లతో ఎస్‌ఎస్‌హెచ్‌లో మాట్లాడేవాణ్ణి. అంటే, ఇక్కడ కొట్టిన కమాండ్‌ను దారిలో ఎవరికీ అర్థం కాకుండా దూరాన ఉన్న యంత్రానికి చేర్చి, జవాబు తెచ్చే పద్ధతి. జవాబు వెంటనే వచ్చేది. మనుషుల నుంచి నాకు అంత వేగం అలవాటు లేదు.

ఒక మధ్యాహ్నం దక్షిణ దీవిలోని సాల్మన్ హేచరీ నుంచి మాలకొండయ్య గారు ఫోన్ చేశారు. నెల్లూరు రొయ్యల చెరువుల అనుభవంతో వచ్చి, ఆ చేపపిల్లల షెడ్డును ఒంటరిగా చూసుకునే పెద్దాయన.

"బాబూ, ఇందాక కరెంటు పోయొచ్చింది. ఆక్సిజన్ పంపు తిరగడం లా. పిల్లలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరస్తా ఉండాయి."

పంపు నడిపే ప్రోగ్రామ్‌ను మళ్ళీ మొదలుపెట్టే హక్కు నా లాగిన్‌కే ఉంది. కనెక్ట్ చేయబోతే తెర మీద హెచ్చరిక: అవతలి యంత్రం ఫింగర్‌ప్రింట్ మారింది. అది అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస, యంత్రానికి వేలిముద్ర లాంటిది. నా కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాతదాన్ని చెరిపేసి లోపలికి వెళ్ళొచ్చు. చాలామంది వెళతారు.

"అది మీ మిషనో కాదో తెలియాలండీ," అన్నాను.

"మాదే బాబూ. నా ఎదురుగ్గానే ఉంది, చూస్తా ఉండా గదా!"

"మీరు చూస్తున్నారు. నేను చూడటం లేదు."

ఒక కమాండ్ చెప్పి, వచ్చిన ముద్రను చదవమన్నాను. ఆయన కళ్ళజోడు వెతుక్కున్నారు. "ఏ ఏడు... సున్నా సి... ఎఫ్ మూడు..." ఒక్కో జతకీ నేను కథ వింటున్నట్టు ఊఁ కొట్టాను. నా తెర మీది ముద్రతో ఒక్క జతా కలవలేదు.

అంటే నేను తడుతున్నది పరాయి తలుపు. కరెంటు వచ్చాక ఇంటర్నెట్ వాళ్ళు హేచరీ యంత్రానికి నెట్‌లో కొత్త అడ్రసు ఇచ్చి, పాతది ఇంకెవరికో ఇచ్చేశారు. తొందరపడితే పాస్‌వర్డ్‌ను ఆ అపరిచితుడికి వినయంగా సమర్పించేవాణ్ణి. పంపు మాత్రం తిరిగేది కాదు. కొత్త అడ్రసు కూడా ఆయన చేతే చదివించాను. ఈసారి ముద్ర కలిసింది. కమాండ్ కొట్టాను. ఫోన్‌లో ముందు పంపు గురక, తర్వాత నీళ్ళ బుడబుడ.

"తిరిగింది బాబూ! కొన్ని పోయినాయి. మిగతాయి కిందకి దిగతా ఉండాయి." ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "ఇంతసేపు తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

"తెలుగెక్కడండీ, అన్నీ ఏబీసీడీలేగా."

"విన్నోడు తెలుగోడు గదా."

ఎంత తొందరలో ఉన్నా అవతల ఎవరున్నారో తేల్చుకోవాలని ఆ కేసు నేర్పింది. ఆఫీసులో కొత్తవాళ్ళకి ఇంతవరకే చెబుతాను.

తర్వాతి వారం ఆయన మళ్ళీ ఫోన్ చేశారు.

"పంపు ఆగిందా?" కంగారుగా అడిగాను.

"లేదు బాబూ, బ్రహ్మాండంగా ఉంది." వెనకాల నీళ్ళ చప్పుడు. "ఊరికే... ఆ ముద్ర ఇంకోసారి సరిచూసుకుంటావా?"

నిజానికి ఆ అవసరం లేదు.

"చదవండి," అన్నాను.