మధ్యాహ్నానికి రెట్టింపైన గెయిన్

మమ్మల్ని బందరు అవతల సముద్రపు ఒడ్డున దించారు. ఇసుక, సర్వి చెట్లు, ఉప్పుగాలి. విమానాలను కొట్టే గన్నులు నాలుగు, లెక్కల పెట్టె ఒకటి. మా ఊరు పెడన అంత దగ్గరున్నా ఇంటికి వెళ్లడానికి సెలవు ఇవ్వలేదు.

ఒక విమానం పొడవాటి తాడుతో ఎర్రగుడ్డ గొట్టాన్ని లాగుతూ సముద్రం మీద ఎగురుతుంది. మేము ఆ గుడ్డను కొట్టాలి. గుండు చేరేలోపు గుడ్డ ముందుకు జరుగుతుంది కదా. ఎంత ముందుకు గురిపెట్టాలో వాల్వులతో నడిచే ఆ లెక్కల పెట్టె లెక్కగడుతుంది. దాని మెకానిక్కును నేను.

అందులోని యాంప్లిఫయర్ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. లోపలికి వచ్చే దారిలో లక్ష ఓముల రెసిస్టర్. బయటికొచ్చినదాన్ని వెనక్కి తిప్పే దారిలో పది లక్షలది. వెనకదాన్ని ముందుదానితో భాగించి మైనస్ పెట్టండి. దాన్నే గెయిన్ అంటారు, ఇక్కడ మైనస్ పది. ఒక వోల్టు ఇస్తే పది వోల్టులు తిరగబడి వస్తాయి. తిరగబడినా ఫరవాలేదు, గన్ను తిప్పే మోటారును అందుకు తగ్గట్టే కలిపారు. మారకూడనిది ఆ పది, గురి ఎంత ముందుకు పోవాలన్నది దాని మీదే ఉంది.

తెల్లవారగానే పెట్టెలో బల్బు వెలిగించి, ఆరబెట్టి, కొలిచి, బాగుందని చెప్పాలి. అదీ మా ఆనవాయితీ. ఆరబెట్టాక కొలిస్తే ఏ పెట్టె అయినా బుద్ధిగానే ఉంటుంది. గాలి సముద్రం మీది నుంచి తిరిగాక మధ్యాహ్నం కూడా కొలుద్దామని మొదట్లోనే అడిగాను. మా కెప్టెన్ ఒప్పుకోలేదు.

ఆ రోజు పెద్ద అధికారి చూడడానికి వచ్చాడు. పొద్దున జరగాల్సిన కాల్పులు ఆయన భోజనం కోసం మధ్యాహ్నానికి జరిపారు. నేను ఎవరినీ అడక్కుండా కొలిచాను. ఒక వోల్టుకు ఇరవై వచ్చాయి.

ఇరవై రావాలంటే వెనక రెసిస్టర్ రెట్టింపు కావాలి, లేదా ముందుది సగం కావాలి. చెమ్మ ఓములను తగ్గిస్తుందే గానీ పెంచదు. ముందుదాని మీద ఉప్పు పేరుకుని కరెంటుకు అడ్డదారి ఇచ్చింది. లక్ష కాస్తా యాభై వేలైంది. ఇక గురి రెట్టింపు ముందుకు పోతుంది. గుడ్డకు ముందు ఉన్నది పైలట్.

పరుగెత్తాను.

"ఆపండి సార్. గెయిన్ రెట్టింపైంది. గుండ్లు విమానం మీదికి వెళ్తాయండీ. గంట టైమిస్తే ఆరబెడతాను."

కెప్టెన్ అధికారి కుర్చీ వైపు చూశాడు. "పొద్దున బాగుందన్నావుగా. వెళ్లి నీ చోట నిలబడు."

వైర్‌లెస్ ఆపరేటర్ గుడ్లవల్లేరువాడు. "బావా, పైలట్‌కి నేను చెప్పెయ్యనా?" అన్నాడు. చెప్పెయ్యమన్నాను. అతను మైకు అందుకునేలోపే గన్నులు పేలాయి.

రేడియోలో పైలట్ గొంతు వినిపించింది. "నా ముందు పేలుతున్నాయి. ఆపండి. నా ముందు."

విమానం దివిసీమ వైపు ఒరిగి నీళ్లలో పడింది. పైలట్ బతకలేదు.

విచారణలో కెప్టెన్ వాతావరణం వల్ల జరిగిందన్నాడు. వాతావరణమట. సముద్రపు గాలికి చెమ్మ ఉంటుందని బందరులో చంటిపిల్లాడికీ తెలుసు. కుర్చీలో కూర్చున్నవాడికి ఆలస్యమవుతుందని ఒక మనిషిని చంపారు. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్లు మండిపోతుంది. ఆ కెప్టెన్‌కు తర్వాత ప్రమోషన్ కూడా ఇచ్చారు.

సర్వీసు ముగించుకుని పెడన వచ్చేశాను. ఇక్కడ అద్దకం బట్టలు ఉతికి కాలవగట్టున ఆరేస్తారు. వాటిలో ఎర్రగుడ్డ కనిపిస్తే తల తిప్పుకుంటాను. విమానం పడిన ఆ సాయంత్రం పల్లెకారులు ఆ గుడ్డ గొట్టాన్ని పడవలో తెచ్చి ఇసుకలో పరిచారు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూశాను.

ఒక్క చిల్లు లేదు.