పేరు మీద బీప్

ఆ టీవీ ఆఫీసులో అతన్ని కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లెవరూ లేరు. అందరికీ బీప్ బాబాయే. తెర మీదికి వెళ్లే మాటల్లో బూతు దొర్లితే దాని మీద ఆ కూత వేసి కప్పెయ్యడం అతని ఉద్యోగం. "మా నోళ్లు కడిగేది మీరేనటగా బాబాయ్" అని కొత్తగా చేరిన యాంకరమ్మ మొదటిరోజే నవ్వింది. అతనూ నవ్వాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

బీప్ అనేది ఇంగ్లీషువాళ్లు చెవితో విని పెట్టుకున్న మాట. సొంత అర్థమంటూ లేదు కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పనికి కుదిరింది. దుకాణంలో సబ్బు బిళ్లకి ధర కట్టేదీ అదే, లిఫ్టు తలుపు మూసుకుంటోంది జాగ్రత్త అనేదీ అదే, కూర వేడెక్కిందని వంటింట్లోంచి పిలిచేదీ అదే. ఆఫీసులో అయితే దాన్ని ఏకంగా తిట్టు చేసి పారేశారు. "వాడొట్టి బీప్ గాడు" అంటే చాలు, విన్నవాళ్లు తమకు తోచిన బూతు అందులో పెట్టుకుని కిసుక్కుమనేవాళ్లు.

అతని గదికి కిటికీ లేదు. గోడలకు చప్పుడు పీల్చే మెత్తలు, చెవులకు హెడ్‌ఫోన్లు, మోకాళ్లు పట్టేసేంత చలి. పొద్దస్తమానం ఊరి జనం తిట్లు విని ఇంటికి పోతే అక్కడ అమ్మ, అక్క. అక్క నోట చెడ్డమాట అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఒళ్లు మండితే "నీ మొహం" అనేది, అంతకు మించి ఎరగదు.

ఆమె తలనూనె కంపెనీలో సీసాలకు మూతలు బిగించేది. యజమాని పనిచేసే ఆడపిల్లలను ఒక్కొక్కరినే తన గదికి పిలిపిస్తున్నాడని తెలిసి అడ్డం తిరిగింది. మర్నాడే దొంగతనం అంటగట్టి బయటికి గెంటారు. పోలీసులు ఫిర్యాదు రాసుకోకుండా నీతులు చెప్పి పంపారు. అప్పుడామె తమ్ముడి చానల్లో జనం గోడు వినిపించే కార్యక్రమానికి వచ్చి కూర్చుంది.

"ఇంట్లో ఒక్క మాటయినా చెప్పలేదేంటక్కా?" అన్నాడు, నడవలో పట్టుకుని.

"చెప్తే వద్దంటావుగా. వాడి పేరు బయటికి రావాల్రా. పేరు వస్తేనే లోపలున్న పిల్లలు నోరు విప్పుతారు. నువ్వున్న చోటే కదా, నా మాటకేం కాదని వచ్చా."

అతను తలూపాడు. తలూపడానికేం ఖర్చు.

అక్క ఎక్కడా తడబడలేదు. వాడి పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది, కంపెనీ పేరు చెప్పింది, కళ్లనీళ్లు పెట్టుకోకుండా చెప్పింది. అతనికి హెడ్‌ఫోన్లలో వింటుంటే గర్వంగా అనిపించింది. అంతలో కార్యక్రమం పెద్ద వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"పేరొచ్చినప్పుడల్లా బీప్ వెయ్. మధ్యలో వచ్చేది వాళ్ల నూనె ప్రకటనే."

"ఆ ముక్క కట్ చేస్తాన్సార్. బీపేస్తే ఆవిడ బూతులు తిట్టినట్టుంటుంది."

"ఉండనీవయ్యా. కాస్త కారం తగిలితేనే జనం చూస్తారు."

ఆవిడ మా అక్క అన్న మాట అతని గొంతు దాకా వచ్చింది. అంటే ఉద్యోగం ఊడుతుందేమోనని భయం. అనకపోతే అక్క గతేమిటో అతనికి తెలియంది కాదు. ఎప్పటిలాగే భయమే నెగ్గింది. పని మాత్రం శుభ్రంగా చేశాడు, పేరులో ఒక్క అక్షరం పైకి తేలలేదు.

సాయంత్రం అక్క తల దువ్వుకుని టీవీ ముందు కూర్చుంది. పక్కింటావిణ్ణి కూడా పిలిచింది. మాట మొదలైంది, బీప్ పడింది. మళ్లీ పడింది. అక్కడ యాంకరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ముక్క ఒకటి ఎక్కడిదో తెచ్చి అతికించారు.

"ఏం బూతులే అవి?" అంది అమ్మ. "నలుగురిలో తలెత్తుకోనివ్వవా?"

"అమ్మా, అది వాడి పేరు."

"పేరుకెవరైనా బీపేస్తారా? పక్కనే ఉన్నాడుగా, వీడి పనే అది. ఏరా, పేరా బూతా?"

తెర మీద ఎవరో పిల్ల జుట్టు విదిలిస్తూ నూనె సీసా చూపిస్తోంది. అతను దాన్నే చూస్తున్నాడు. పేరే అంటే, మరి దాన్ని కప్పిందెవడురా అని అమ్మ అడుగుతుంది. అక్క తమ్ముడి మొహంలోకి చూస్తూ ఓపిగ్గా కూర్చుంది. నిజం చెబుతాడనే ఆమె నమ్మకం, పాపం.

"కోపంలో నోరు జారిందిలేమ్మా. వదిలెయ్" అన్నాడు.

అక్క పక్కింటావిడ వైపు తిరిగింది. "పోనీ మీరు వినండి పిన్నీ, వాడి పేరు..."

"వద్దమ్మా," అంటూ ఆవిడ లేచింది. "ఇంట్లో పిల్లలున్నవాళ్లం. అలాంటి మాటలు మా చెవిన పడెయ్యకు."

ఆవిడ గుమ్మం దాటకముందే అక్క ఆ పేరు పైకి అంది, ఇంటిపేరుతో సహా. అమ్మ రెండు చెవులూ మూసుకుంది.