బొట్టు పెట్టే చోటు లేని బొమ్మ

ఆదోనిలో మాది ఫొటోలకు, బొమ్మలకు ఫ్రేములు కట్టే అంగడి. ఖాదర్ సార్ బొమ్మలన్నీ నా చేతుల మీదుగా వెళ్లినవే. మొదట్లో ఎమ్మిగనూరు మగ్గాల మనుషుల ముఖాలు గీసేవాడు. ఒక్క ముడత కూడా వదిలేవాడు కాదు. తర్వాత హాలహర్వి వైపు బడిలో డ్రాయింగు మాస్టరయ్యాడు. వానలు లేని ఏడు సగం తరగతి అమ్మానాన్నల వెంట సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, వెళ్లిపోయేది. అది చూసినప్పటి నుంచి ఆయన వీపులే గీశాడు. మూటలతో బండెక్కుతున్న పిల్లలు, వెనక నుంచి.

"మొగాలు యాడ పెట్టి మరిసినావు సార్?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"మొగం గీస్తే ఒకరిదే అయితాది హుసేనప్పా. వీపు గీస్తే ఊరందరిదీ" అనేవాడు. పట్నంలో పెద్దలు మెచ్చుకున్నారు. నాకు మాత్రం అవి ఎక్కలేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడు, సార్ బడి ఉన్న ఊరి ఈరమ్మ అంగడికి వచ్చింది. సుగ్గికి పోతున్న బండి బోల్తాపడి కూతురు నాగవేణి పోయింది. ఫొటోలున్న ఫోను కూడా నుజ్జయిపోయింది. మిగిలింది ఆధార్ కార్డు. దాన్ని ఎన్‌లార్జ్ చేశాను, అంటే పెద్దది చేశాను. అంతా మసక. పైగా అది ఐదేళ్ల వయసప్పటి ముఖం. పోయిన పిల్లకు పన్నెండు.

"ఇది నా బిడ్డ కాదప్పా. డ్రాయింగు సారు దాని బొమ్మ గీసినాడంట. ఆయప్ప యాడుంటాడు?"

సార్ ఇంటికి తీసుకువెళ్లాను. ఆయన వెతికి తీశాడు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, భుజాన మూట.

"దీన్ని ఈ పక్కకు తిప్పి గీయి సార్. ఒక్కసారి సూసుకుంటా."

సార్ పెన్సిలు తీసుకున్నాడు. గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. రోజూ బడిలో ఎదురుగా కూర్చున్న పిల్లే, ముఖం మాత్రం చేతికి రాలేదు! "ముక్కు అట్ల ఉండదు సార్", "కండ్లు ఇంకా పెద్దవి" అని ఆమె చెబుతూ పోయింది. ఉన్నట్టుండి ఆయన చెయ్యి పట్టుకుంది.

"సాలు సార్! నువ్వు గీసేకొద్దీ నా బిడ్డ మొగం నాకే మరుపొస్తాంది."

సార్ పెన్సిలు కింద పెట్టేశాడు.

చివరికి ఆ వీపు బొమ్మనే ఫ్రేము కట్టమని నాకిచ్చింది. "ఈ జడలు నేనేసినవే" అంది. చుట్టూ మౌంట్, అదే తెల్ల అట్ట, పెట్టి ఫ్రేము కట్టిచ్చాను. పోయినవాళ్ల ఫొటోకు అద్దం మీద, నుదుటి దగ్గర బొట్టు పెట్టడం మా వైపు ఆనవాయితీ. ఈరమ్మ కొంగుముడి విప్పి కుంకుమ తీసింది. వేలు అద్దం మీద అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా ఆనలేదు. కుంకుమ కొంగుకే తుడుచుకుని, ఫ్రేము చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఊరందరిదీ అయిన బొమ్మ కన్నతల్లికి పనికి రాదని ఆ రోజు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సార్ ఇప్పుడు మళ్లీ ముఖాలే గీస్తున్నాడు. సుగ్గి బండ్లు రాకముందే పిల్లల్ని ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. ఆ కాగితాలు ఆయన పెట్టెలోనే ఉన్నాయి. బొట్టు పెట్టే ఫ్రేము కోసం వాటిలో ఒక్కటి కూడా నా అంగడికి రాకూడదు. కానీ బండ్లు మాత్రం ఏటా పోతూనే ఉన్నాయి.